మందు తూకం

మా బరంపురం కాంపౌండరు దండాసి పాత్రో గారికి
మందు అనే మాట మూడు అర్థాల్లోనూ తెలుసు.
ఒకటి ముప్పయ్యేడేళ్లు పొట్లాలు కట్టారు.
ఒకటి భార్య పోయిన ఏడాది తాగి, మానేశారు.
మూడోది ఇప్పుడు,
డిస్పెన్సరీ మూసినప్పుడు అడిగి తెచ్చుకున్న
అదే త్రాసులో, అదే ఇత్తడి రాళ్లతో తూస్తారు.
"కొలత మారలేదమ్మా,
దగ్గు మందుకీ గ్రెయినే, తుపాకీ మందుకీ గ్రెయినే."

గోపాలపూర్ వైపు నుంచి గాలి తిరిగితే
డబ్బా మూత తియ్యరు.
అప్పడాలు ఆరని రోజు నాకు సెలవు.
మిగతా రోజుల్లో ఫ్యాను ఆపేస్తారు,
చెంపన చెమట జారుతున్నా తుడుచుకోరు,
నన్ను మాట్లాడొద్దంటారు.
వీధిలో మొగలిపూల బుట్ట వెళితే
ఆ వాసనొక్కదానికే లోపలికి అనుమతి.

కాల్చిన తొడుగుల్ని చింతపండుతో తోమడం నా పని.
ఒక్కొక్కటీ దీపానికెదురుగా తిప్పి
మెడ దగ్గర వెంట్రుకవాసి గీత కోసం వెతుకుతాను.
గీత ఉన్నవి నూనె డబ్బాలో వేస్తాను.
డబ్బా నిండితే బెళగుంఠ నుంచి కంచరి వస్తాడు,
కరగబోసి, పొలుసు పొలుసుకీ ఒళ్లు విరుచుకునే
చేపల్ని చేస్తాడు.
ఒకటి మా కిటికీలో వేలాడుతోంది.
ఎన్నిసార్లు పేలిందో మరిచిపోయి
గాలికి తోక ఆడిస్తుంది.

మొన్న రాత్రి నలభై మూడో దాని దగ్గర కరెంటు పోయింది.
వచ్చింది.
ఆయన చెయ్యి గరాటు మీదే ఉంది.
"పోశానా?"
పోశారనే అనుకున్నాను.
అనుకోవడం చూడ్డం కాదు కదా.
ఆ ఒక్కటే తీసి పక్కన పెడతారనుకున్నాను.
మూసినవన్నీ విప్పారు. నలభై రెండూ.
పదకొండు దాటింది. పొద్దున్నే పోటీ.
నాకు ఒళ్లు మండింది.

అప్పుడు చెప్పారు, ముల్లు మీంచి కళ్లెత్తకుండా.
డెబ్బై తొమ్మిదిలో ఒక చంటిదాని పొట్లం.
పావు గ్రెయిను రాసిచ్చాడు డాక్టరు.
పావే వేశానో, ఇంకోసారి వేశానో.
చికిటి బస్సు కదిలాక గానీ అనుమానం పుట్టలేదు.
సైకిలెక్కి వెంటపడ్డారట.
గొలుసు ఊడితే అక్కడే పడేసి పరిగెత్తారట.
"దొరికిందా?" అన్నాను.
"బస్సా?" అన్నారు.
తర్వాత మళ్లీ ఒకటోది తూశారు.

ఊరవతల పాడుబడ్డ రాతి క్వారీ.
నిరాకార్ బాబు ఒడియాలో అంకెలు చెప్పి చెయ్యి దించారు.
నొక్కినప్పుడల్లా ఒక్కటే వెళుతుంది గానీ
మిగతా పనంతా రైఫిలు తనే చేసుకుంటుంది:
ఖాళీని కుడివైపు విసిరికొట్టి
తరవాతదాన్ని నోట్లో పెట్టుకుంటుంది,
బంతిభోజనంలో ఆకలిగొన్నవాడిలా.
వండినవాళ్ల రాత్రి దానికేం తెలుసు!

తొమ్మిదులు, ఎనిమిదులు, ఎక్కడో ఒక పది.
గాలి అన్నాను.
అబద్ధం. నిద్ర లేదు.

దండాసి గారు గురి అట్టవైపు చూడనే లేదు.
పంచె పైకి చెక్కి గడ్డిలో ఏరుతున్నారు.
నలభై తొమ్మిది.
మళ్లీ లెక్కపెట్టారు. నలభై తొమ్మిదే.
నేనూ వంగాను, నిరాకార్ బాబూ వంగారు,
ఎండ క్వారీ అంచు దాకా పాకింది,
కాళ్లకి పల్లేరుకాయలు తప్ప ఏమీ దొరకలేదు.

జీడితోట కంచె అవతల ఈల వినపడింది.
మేకలు కాసే కుర్రాడు
తొడుగు అంచు కింది పెదవికి ఆనించి ఊదుతున్నాడు.
మేకలన్నీ ఒక్కసారి తలలెత్తాయి.
మమ్మల్ని చూసి వాడు ఊదడం ఆపాడు,
పిడికిలి మూశాడు.

ఆయన చెయ్యి చాపలేదు.
జేబులోంచి నోటు పుస్తకం తీసి
యాభైకి ఎదురుగా నలభై తొమ్మిది వేసి
పక్క గడిలో,
మందుల చీటీల మీద రాసే ఆ గొలుసుకట్టు రాతలో,
"ఈల" అని రాశారు.