రాని బండి

గొర్రెల కంచె పక్కన
స్టూలు మీద కూర్చున్నాను.
జూలై ఆఖరు. కారూ నేలలో ఈ నెల చలి
గ్లవుజుల్లోకి దూరి ఏ వేలు ఏదో మరిపిస్తుంది.
ఫ్లాస్కులో రూయిబోస్ టీ ఎప్పుడో చల్లారింది.

మేం ఎనిమిది మందిమి.
కంకర రోడ్డు పొడవునా ఐదేసి కిలోమీటర్లకొకరం,
ఒకరి టార్చి ఒకరికి కనబడనంత దూరంలో.
మొదటి చోట పాస్టరు,
రెండో చోట పెట్రోలు బంకు కుర్రాడు,
నాలుగో చోట, మూతపడ్డ స్టేషను ప్లాట్‌ఫారం మీద
ఫ్లోర్స్ కామ్ఫెర్ తాత.
ముప్పై ఒక్క ఏళ్ళు సిగ్నలు మీట లాగిన చేతులు ఆయనవి.
చిట్టచివర నేను,
బడిలో వంట చేసే మాఖ్రీటా జూలీస్‌ని.

మకరరాశి తోక దగ్గర ఒక చుక్క.
దానికి పేరు లేదు, పొడుగాటి నంబరు తప్ప.
రాత్రి రెండూ నలభై ఒకటికి
ఒక రాయి దాని ముందు నుంచి నడుస్తుందట.
ముప్పై కిలోమీటర్ల రాయి.
ఇంతవరకు ఎవరూ ముఖం చూడని రాయి.
దాని నీడ సముద్రం దాటి, గొర్రెల మీదుగా, మా మీదుగా
సెకనుకు తొమ్మిది కిలోమీటర్లు పరిగెడుతుందట.
చుక్క ఆరగానే "పోయింది" అనాలి,
వెలగగానే "వచ్చింది" అనాలి.
రికార్డరు వింటూ ఉంటుంది, రేడియో టిక్కుమంటూ ఉంటుంది.
రెండే మాటలు.
మూడు వారాలు సాధన చేశాను,
ఉల్లిపాయలు తరుగుతూ.

రెండూ నలభై.
అద్దానికి ఆవిరి పట్టకుండా
ఊపిరిని మెడ చుట్టూ ఉన్న ఉన్నిలోకి వదిలాను.
నలభై ఒకటి.
చుక్క ఉంది.
రెప్ప వేస్తే దొంగ జారుకుంటాడన్నట్టు చూశాను.
ఉంది.
కంట్లో నీళ్ళు తిరిగి రెండయింది, మళ్ళీ ఒకటయింది.
"పోయింది" అన్న మాట
నాలుక చివరే గడ్డకట్టింది.
నలభై రెండు. నలభై మూడు.
కంచె అవతల ఒక గొర్రె దగ్గింది, అచ్చం మనిషిలా.
రికార్డరులో నా గొంతు లేదు, ఆ దగ్గు ఉంది.

తెల్లవారుతుండగా ప్లాట్‌ఫారం మీద కలిశాం.
తాతకి మూడు పాయింటు నాలుగు సెకన్లు.
బంకు కుర్రాడికి రెండున్నర పైచిలుకు.
నా పక్క చోటున్న బస్సు డ్రైవరుకి సెకనైనా నిండలేదు,
అయినా ఆరిందని ప్రమాణం చేస్తున్నాడు.
నేను బూట్ల వైపు చూస్తూ అన్నాను,
"నా చుక్క ఆరలేదు. కునుకు పట్టిందేమో నాకు."

తాత నవ్వలేదు.
"రాని బండిని కూడా రాసేవాణ్ణి" అన్నాడు.
"టైము, అడ్డగీత, సంతకం.
రాయకపోతే అవతలి స్టేషను వాడికి
పట్టాలు ఖాళీ అని ఎవడు చెబుతాడు?"

కాగితం మీద గీతలు గీశాడు, ఒకదాని కింద ఒకటి,
కంచె తీగల్లా.
పొట్టిది, పొడుగుది, ఇంకా పొడుగుది, మళ్ళీ పొట్టిది.
చివరలు కలిపితే
ఒక పక్క నొక్కుకుపోయిన బంగాళదుంప,
రోజూ నేను చెక్కు తీసేలాంటిదే.
అడుగున నా గీత,
ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎక్కడా తెగలేదు.
అది లేకపోతే ఆ రాయి
దక్షిణానికి ఎంత దూరమైనా సాగేది,
ఆపే కంచె ఉండేది కాదు.

పెన్నులో సిరా బిగుసుకుపోయింది.
చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి రాశాను:
ఎనిమిదో చోటు. చుక్క ఉంది. అంతసేపూ ఉంది.
మాఖ్రీటా జూలీస్.

ఆ పూట బడిలో గంజి అడుగంటింది.
పిల్లలు ఏమీ అనకుండా తిన్నారు,
ఒక్కతి మాత్రం
నా కుడికంటి చుట్టూ పడ్డ గుండ్రటి ముద్రను
చాలాసేపు చూసింది.