ముప్ఫై ఒకటో నిమిషం నుంచి

చిట్టిరాజు గారు గుడ్డసంచిలోంచి
క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టారు.
"గృహప్రవేశం అమ్మా. తొంభై తొమ్మిది.
మీ నాన్నే తీశాడు.
ముప్ఫై ఒకటో నిమిషం నుంచి ముప్ఫై అయిదు దాకా
తీసెయ్యాలి. మిగతాదంతా బంగారం."

ఎందుకని అడగలేదు.
రాజోలు కాలవగట్టు మీద మిక్సింగు షాపు పెట్టుకున్నాక
ఎందుకని అడిగితే అద్దె రాదు.

టేపుకి బూజు పట్టింది.
ఈ నేల మీద అన్నిటికీ పడుతుంది,
బీరువాలో పట్టుచీరకీ,
పెళ్లి ఫొటోలో మావయ్య మొహానికీ.
దూదితో స్పిరిట్ అద్ది తుడిచి వీసీఆర్‌లో పెట్టాను.
టేపు తన నడకే నడుస్తుంది, తొందరపెట్టడానికి లేదు.

ఆవు గడప ఎక్కనని మొరాయించింది.
పాలు పొంగాయి. ఎవరో పిల్లాడు తుమ్మితే
అందరూ కాసేపు ఆగారు.
పందిట్లో బంతి సాగుతోంది,
పనసపొట్టు కూర రెండోసారి వస్తోంది.
ముప్ఫై ఒకటి.

దింపు తీసే మనిషి ఒకాయన. ఉతికిన చొక్కా,
పిక్కల మీద చెట్టు గీసిన గీతలు,
చెయ్యి పట్టుకుని ఏడెనిమిదేళ్ల పిల్ల.
పందిరి గుమ్మానికి కట్టిన గెలలు ఆయన దింపినవే.
బంతి చివర రెండు కుర్చీలు ఖాళీ.
కూర్చోబోయాడు.

"ఇక్కడ కాదురా. వెనకాల, వంటల వైపు.
ఆకులు అక్కడికే పంపుతాను."
చిట్టిరాజు గారి గొంతే. అప్పటికి జుట్టు నలుపు.
కోపమేం లేదు,
వానొస్తోంది గొడుగు పట్టుకెళ్లమన్నట్టు చెప్పారు.

ఆయన "ఆయ్" అన్నాడు.
పిల్ల కదల్లేదు.
కెమెరా తనకోసమే అనుకుంది.
జారిన ఎర్ర రిబ్బను సరిచేసుకుని
నిటారుగా నిలబడింది.

కెమెరా ఎటైనా తిరగాలి,
బూరెల గంప వైపో, పట్టుచీరల వైపో.
తిరగలేదు.
అప్పుడు వినపడింది దగ్గు, ఆ వెంటనే
"ఇటు చూడమ్మా. బాగుంది రిబ్బను."

నాన్న.

మూడొందల పెళ్లిళ్లు తీశాడు,
ఒక్కదాంట్లోనూ లేడు.
తన గొంతు ఎక్కడైనా పడితే ఇంటికొచ్చి
దాని మీద సన్నాయి పరిచేసేవాడు.
ఇక్కడ మరిచిపోయాడో,
కావాలనే వదిలేశాడో.
పోయి పదకొండేళ్లు.
వెనక్కి తిప్పి విన్నాను. మళ్లీ.
టేపు నలిగిపోతుందని భయమేసి ఆపాను.

మన భాష చిత్రం చూడండి.
దింపు తీయడమూ తీయడమే,
ముల్లు తీయడమూ, వీడియో తీయడమూ.
నాన్న తీసినదాన్ని
నేను తీసేస్తున్నాను.

మొదట ఒక గాటు, చివర ఒక గాటు.
మధ్యది ఎత్తి పక్కన పెట్టి అంచులు కలిపాను.
పందిరి నీడ మూరెడు గెంతి అవతల పడింది.
పెరుగు వడ్డించకుండానే అందరూ విస్తళ్లు మడిచేశారు.
అతుకు మీద సన్నాయి పరిచాను.

అవతలి లంకలో మాకు అరెకరం ఉండేది.
ఏటికోతకి పోయింది.
పాసుపుస్తకంలో ఇంకా ఉంది.

పక్కన పెట్టిన నాలుగు నిమిషాలకి
కంప్యూటరు పేరడిగింది.
నాన్న అని కొట్టాను, చెరిపాను.
రిబ్బను అని కొట్టాను, అదీ నచ్చలేదు.
ఆ పిల్లకిప్పుడు ముప్ఫై దాటి ఉంటాయి.
పేరు చిట్టిరాజు గారికి తెలుసేమో.
అడగాలనుకున్నాను.

సాయంత్రం వచ్చి చూసుకున్నారు.
పోయిన భార్య పాలు పొంగిస్తుంటే
కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
తర్వాత ఒక్కచోట వేలెత్తారు.
"ఇక్కడేంటమ్మా, ఎర్రగా ఏదో మెరిసింది?"

సెకనులో పాతికో వంతు.
ఒక్క ఫ్రేము.

"పాత టేపు కదండీ" అన్నాను, "ఉప్పుగాలి."

"ఆయ్, నిజమే" అని
రెండొందలు లెక్కపెట్టి ఇచ్చారు.