మూడు నిమిషాల తర్వాత

వి.కోట దాటినాక, చెనిక్కాయలు పీకేసిన చేను.
మునిరత్నం చేతి డ్రిల్లుతో రబ్బరు మెలిపెడుతున్నాడు:
మున్నూటా ముప్పై, మున్నూటా నలభై...
ఎవురం దగ్గం. దగ్గితే లెక్క తప్పుద్ది.

బాల్సా చెక్క ఎముకలు, టిష్యూ కాగితం తోలు.
పావుకిలోకి ఇరవై గ్రాములు తక్కువ.
తోక కింద జానెడు కూడా లేని అగరొత్తి ముక్క.
అది కాలి దారం తెగితే
తోక పైకి లేస్తుంది, విమానం దిగొస్తుంది.

ఇంక గాలి కోసం కాచుకోవడం.
వేడిగాలి కంటికి ఆనదు,
గడకర్రకి కట్టిన పాత క్యాసెట్టు టేపు
నిలువునా లేస్తే తప్ప.

లేచింది. వదిలేసినాడు.

నా పని గడియారం.
నూటా ఎనభై సెకన్లు. అంతకు మించి
ఎంతసేపు ఎగిరినా మార్కుల్లేవు.
నొక్కినాను. కాగితంలో రాసినాను.
అది మాత్రం దిగలా.
రెండు గద్దల పక్కన మూడో గద్దలా తిరుక్కుంటూ
తమిళ సరిహద్దు వైపు,
ఈకంత, నూకంత, కంట్లో నలుసంత.

"గెలిచినావు లేప్పా" అన్నాను.
వాడు వినలా. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని
సైకిలంగడి మూసినాక మేలుకున్న
నాలుగు నెలల రాత్రుల్ని చూస్తా ఉన్నాడు.

బీడీకని అడిగి తీసుకున్న అగ్గిపెట్టె
నా జోబులోనే ఉంది.
అగరొత్తి ముట్టించనేలేదు.

చెప్పలేదు. అప్పుడూ, ఇప్పుడూ.
నా బొటనవేలు మాత్రం
నన్నడక్కుండా మళ్ళీ గడియారం నొక్కింది.

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
దాన్ని రాసే గడి
ఆ కాగితంలో లేదు.