వాల్వు మేలుకునే దాకా

మంగళవారం, మూడో ఇల్లు.
బ్లైనై ఫెస్టిన్యోగ్‌లో వాన ఆగలేదు,
ఆగుతుందని ఎవరూ అనుకోనూ లేదు.
వ్యాన్ వెనక తలుపు తీస్తే
పనిముట్ల సంచి మీద నీళ్లు.

"గ్విలిమ్ కొడుకువేనా నువ్వు?" అంది ఎలినెద్
గుమ్మంలోనే, రెండు స్వెట్టర్ల మీద కోటుతో.
"మీ నాన్న బిగించిన పాత మీట ఉన్నప్పుడు
ఇలా తిప్పితే అలా భగ్గుమనేది బాయిలర్.
ఇప్పుడు దీన్ని తిప్పితే
గోడకి చెప్పుకున్నట్టే."

చేసి చూపించింది.
పద్దెనిమిది దగ్గరున్న అంకెని ఇరవైకి.
ఇల్లు పలకలేదు.
ఇరవై రెండు.
ఇరవై ఆరు.
వేలికొస తెల్లబడేలా నొక్కి, ముప్పై.
"రాత్రీ ఇదే వరస. మంచుగడ్డలా పడుకుంటాను,
రెండింటికి లేచేసరికి కుండలో ఉడికిన బంగాళాదుంపని."

నవ్వు ఆపుకుని రేడియేటర్ పక్కన మోకాళ్ల మీద కూచున్నాను.
తెల్లటి వాల్వు, గుప్పెట్లో పట్టేంత,
కడుపులో రెండు పెన్సిల్ బ్యాటరీలు.
చెవిటిది కాదమ్మా, అన్నాను, నిద్రపోతోంది.
రోజంతా మేలుకుని వింటూ కూచుంటే
నెల తిరక్కుండా బ్యాటరీలు చస్తాయి.
అందుకని నాలుగు నిమిషాలకోసారి కన్ను తెరిచి
నాకేమైనా కబురుందా అని అడుగుతుంది,
లేదంటే మళ్లీ ముడుచుకుంటుంది.
అందాకా మీ మాట ఫ్రిజ్ వెనక పెట్టెలో
టోపీ ఒళ్లో పెట్టుకుని కూచుని ఉంటుంది.

ఆలస్యం అమృతం విషం అంటారు గాని
దీని అమృతమంతా ఆ ఆలస్యంలోనే,
రెండేళ్ల ఆయుష్షు.

ఆమె ఏమీ అనలేదు.
కెటిల్ పెట్టడానికి వెళ్లి, పెట్టకుండానే వచ్చింది.
"ఐవర్ ఇలాగే ఉండేవాడు."

తమ్ముడు. పలకరాయి గనిలో ముప్పై ఒక్క ఏళ్లు.
రాయి పేల్చే మందు చప్పుళ్లకి
చెవులు పోయాయనే అనుకున్నారంతా.
పొద్దున అడిగినదానికి మధ్యాహ్నం జవాబు.
"ఇల్లు అమ్మేద్దామా అని ఓసారి అడిగాను.
పలకలేదు. గట్టిగా అడిగాను.
ఇంకా గట్టిగా.
ఆ తర్వాత అనకూడనివి కూడా అన్నాను,
ఎలాగూ వినపడదన్న ధైర్యం కొద్దీ.
అన్నీ చేరాయి వాడికి.
వరసగా, ఒక్కటీ దారిలో పడిపోకుండా.
శుక్రవారం సంచి సర్దుకుని బస్సెక్కాడు.
పాలసీసా కింద చిన్న కాగితం,
'సరే, అమ్ముదాం' అని."

స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాను,
తుడవడానికి దాని మీద ఏమీ లేకపోయినా.
పెట్టెని ఫ్రిజ్ వెనకనుంచి మెట్ల దగ్గరికి మార్చాలి.
ఈ రెండడుగుల రాతి గోడలు కబుర్లని సగం మింగేస్తాయి.
అది నా పని, అయిపోతుంది.
నాలుగుని మూడు చెయ్యగలను. అంతకు మించి చేతకాదు.

ఇరవైకి పెట్టి
చెయ్యి తీసెయ్యండి, అన్నాను.
తీసింది. ఆ చెయ్యిని కోటు జేబులో దూర్చి
పైనుంచి రెండో చేత్తో అదిమింది.
నిలబడ్డాం.
ఎదురింటి కప్పు మీద తడిసిన పలకలు
ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.
ఊరుకోలేక అడిగాను,
మరి ఇల్లు ఎందుకు అమ్మలేదని.

ఆమె వాల్వునే చూస్తోంది.
ఎప్పటికో, దోమ రెక్కంత సన్నగా మోటారు కదిలింది.
గొట్టం టిక్కుమంది.
వేళ్లతో తాకి చూసి, తలూపి,
బిల్లు మీద సంతకం పెట్టింది.

వ్యాన్ తాళం తిప్పుతుంటే
గుమ్మంలోంచి, వానలో,
"వాడి దగ్గర తాళంచెవి ఉంది కదా" అంది.