మూడో వరస కొక్కెం

మెడెలిన్‌లో కొండమీద మా ఇల్లు.
కేబుల్ కారు దిగాక తొంభై మెట్లు.
డెబ్బయ్యో మెట్టు దగ్గర నా కుడి తొడ
నాది కాకుండా పోతుంది.

మొదట చీమలు.
తర్వాత ఎవరో మరిచిపోయిన ఇస్త్రీపెట్టె.
ఆ తర్వాత, అరచెయ్యి ఆనించినంత మేర,
ఏమీ లేదు.

పోయిన గురువారం కాఫీ ఒలికింది.
ఎదురు సీట్లో ఆవిడ అయ్యో అంటేనే
కిందికి చూశాను.
ఆవిరి లేస్తోంది,
ఎవరి ఒళ్ళోనో.

క్లినిక్‌లో కుర్ర డాక్టరు ఒసోరియో
దూదిపుల్లతో తాకుతూ
ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?
తెలియని చోటు చుట్టూ నీలం పెన్నుతో గీశాడు.
కత్తెర పెట్టేముందు
గుడ్డమీద నేను సుద్దతో గీసినట్టే.

తుంటి ఎముక లోపలి అంచున వేలితో నొక్కితే
మోకాలి దాకా అగ్గిపుల్ల గీసినట్టయింది.
"ఇక్కణ్ణుంచే ఆ నరం కిందికి దిగుతుంది.
దాని దారి సూది బెజ్జమంత.
ఆ దారికి అడ్డం ఏం కడుతున్నారు మీరు?"

ఫాహా.
రొమ్ము కింద మొదలై మోకాళ్ళ పైదాకా
ఊపిరిని కొలిచి ఇచ్చే బిగుతు చొక్కా.
మూడు వరసల కొక్కేలు:
కొత్తలో మొదటిది, నెలకి రెండోది,
మూడోది పెళ్ళికూతుళ్ళకి.
పద్నాలుగేళ్ళుగా ఆ మూడో వరస కుట్టేది నేనే.

నడుంనొప్పికి మంచిదని తొడుక్కున్నానన్నాను.
అది సగమే నిజం.
మిగతా సగం అతను అడగలేదు.
వంకర కుట్టు పడ్డవి మాకు ఉచితం.
అంటే ఇన్నాళ్ళూ
నా తప్పునే తొడుక్కుని తిరిగాను.

మందేమీ రాయలేదు.
"వదులు బట్టలు. మూడు నెలలు. ఓపిక."

ఆ రాత్రి తలుపు గడియ వేసి
ఒక్కో కొక్కెం విప్పాను.
పొట్ట మెల్లగా బయటికొచ్చింది,
పిలవకపోయినా భోజనానికి ఆగే చుట్టంలా.
చర్మమ్మీద ఎర్రటి అచ్చు:
అంగుళానికి పన్నెండు కుట్లు.
నా చేతివాటమే. లెక్క తప్పలేదు.

తమ్ముడు విల్మార్ ఫుట్‌బాల్ నిక్కరులో
పడుకున్నాను.
పొద్దున మేనకోడలు డన్నా చూసి నవ్వితే
నేనూ నవ్వాను, పొట్టంతా కదిలేలా.

కార్ఖానాలో దోన్యా ఎల్విరాకి ఇంకా తెలియదు:
మూడో వరసకి వచ్చేసరికి
దారం రెండు చుట్లు తక్కువ వేస్తున్నాను.
ఎవరైనా గట్టిగా నవ్వితే
కొక్కెం ఊడిపోయేంత.

నిన్న డెబ్బయ్యో మెట్టు దగ్గర
తొడమీద ఒక్క చీమ పాకింది.
నిజం చీమో, నరమో
వంగి చూడలేదు.
పాకనిచ్చాను.