ఆవగింజంత పసుపు

నా దుకాణంలో వెనక్కి జరగడానికి
మూడడుగులే చోటు.
దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, చనిపోయినవాళ్లు
అందరూ నాకు దగ్గరి నుంచే తెలుసు.

దుర్గం బానయ్య తెచ్చిన బొమ్మ మాత్రం
ముక్కు ఆనించినా అందలేదు.
ఇటుక రంగు చుక్క, పక్కన నీలం, పక్కన బూడిద,
చాప మీద రకరకాల గింజలు ఆరబోసినట్టు.
"ఇందులో బొమ్మేదే?"
"రోడ్డు దాటి సూడు" అన్నాడు.

షట్టరుకు ఆనించి దాటాను.
యూసుఫ్ పాన్ డబ్బా పక్కన నిలబడితే
అసరెల్లి బస్సు అడ్డమొచ్చి
ఇంత దుమ్ము వదిలి పోయింది.
దుమ్ము దిగేసరికి
ప్రాణహిత ఒడ్డున పాత బంగ్లా కూచుని ఉంది.
లావు స్తంభాలు, టేకు తలుపులు,
బ్రిడ్జి రాకముందు నావలు కట్టిన మెట్లు.
వరదొచ్చిన ఏడు తడి ఎంతెత్తుకు ఎక్కిందో
అంతవరకే గోడకు ముదురు రంగు.

గీత అన్నది లేదు.
గోడ ఎక్కడ ఆగిందో నీళ్లు ఎక్కడ మొదలో
ఎవరూ హద్దు వేయలేదు.
ఈ ఒడ్డున మరాఠీ బడి, ఆ ఒడ్డున తెలుగు బడి,
నడుమ తేలే చుక్కలకు ఆ సంగతి తెలియదు.

"నీడల్లో ఈ ఊదా ఏడ పట్టినవు?"
వేళ్లు చాపి చూపాడు.
మలేరియా డిపార్టుమెంటులో ముప్పై ఒక్కేళ్లు,
గాజు మీద ఎండిన నెత్తురుకు రంగెక్కించిన వేళ్లు.
గోళ్ల మొదట్లో ఇంకా అదే ఊదా.
బొమ్మేసేటప్పుడు ఇప్పటికీ
ఒక కన్ను మూసుకుంటాడట.

వానాకాలం క్యాంపు ఆ బంగ్లా వరండాలోనే.
అడిగానని కాదు, తనే చెప్పాడు:
"అంకీస కెల్లి ఒక పిల్లను బండిల తెచ్చిండ్రు.
సూది గుచ్చి చుక్క తీసిన.
కరెంటు లేదు. యంత్రం కింద అద్దానికి
ఎలుగు సాలలే.
పొద్దుగాల సూద్దామనుకున్న."

యూసుఫ్ రేడియో ఏదో వాగుతోంది.

"పొద్దుగాల సూసిన.
లెక్కవెట్టరానన్ని ఉన్నయి."
కాసేపాగి,
"బండి అప్పటికే ఎల్లిపోయింది" అన్నాడు.

టేకు ఫ్రేమా, ప్లాస్టిక్కా అని అడిగాను.
అడగాల్సింది అది కాదని తెలుసు.
"టేకే. అద్దం మాత్రం ఎయ్యకు.
అద్దంల కెల్లి సూసుడు సాలింది నాకు."

రాత్రి మేకులు కొడుతుంటే కనిపించింది.
వరండా చివర, మూడో కిటికీలో,
బంగ్లా మొత్తానికి ఒక్కటే పసుపు చుక్క.
రోడ్డు అవతలి నుంచి నాకు ఆనలేదు.
సుత్తి పక్కన పెట్టి
ఒక కన్ను మూసి వంగి చూశాను.
ఆవగింజంత ఉంది.
దాని చుట్టూ మిగతా చుక్కలన్నీ
కొంచెం జరిగి
చోటిచ్చినట్టున్నాయి.