పెట్టె, పలక

ఓక్ ఆకు ఉడుత చెవంత పెరిగింది.
ఓజార్క్ కొండల్లో ఇక టర్కీ వేటకి పంచాంగం అక్కర్లేదు.

చీకటి ఇంకా చెట్ల మొదళ్ళ దగ్గరే పడుకుని ఉండగా
వెర్లిన్ ఒక్కసారి గుడ్లగూబలా కూశాడు.
వాగు అవతలి గట్టు మీంచి
పుంజు గొలగొలమంది.

మా ఆయన చేతిలో పెట్టె.
వాళ్ళ మామ ఆర్లో దేవదారు చెక్కతో చేసింది.
మూతకి సుద్ద రాసి లాగితే అచ్చం పెట్ట గొంతు.
నా చేతిలో పలక, ఓ పుల్ల.
అక్షరాలు దిద్దే పిల్లలా
చిన్న సున్నా చుడతాను, అంతే.

పదహారేళ్ళుగా ఇదే పోట్లాట.
అడగందే అమ్మైనా పెట్టదంటాడు వెర్లిన్.
పిలవని పేరంటానికి వచ్చేవాడే
ఆకలితో వస్తాడంటాను నేను.

కటకట, కటకటకట.
పెట్టె ఒకసారి అరిస్తే పుంజు రెండుసార్లు అరిచాడు.
'విన్నావా' అని వెర్లిన్ కనుబొమలు.
విన్నాను.
వాడు ఉరుముకీ అరుస్తాడు, కాకికీ అరుస్తాడు,
చర్చి ముందు ఎవరైనా ట్రక్కు తలుపు వేసినా అరుస్తాడు.
బదులు రావడం వేరు, మనిషి రావడం వేరు.

అసలు అడవి రివాజే వేరు:
పుంజు నిలబడి కేకేస్తాడు,
పెట్ట నడిచి వెళ్తుంది.
మనమేమో అది తిరగరాయమంటున్నాం.
ఆ గట్టు మీంచి చూస్తే
ఎంత పిలిచినా కదలని మొండిది
మన పెట్టెలోదే.

కొమ్మ దిగాడు. నిజం పెట్టలు చుట్టూ చేరాయి.
ఆ గొంతు కొండ అవతలికి వెళ్ళి సన్నబడింది.
వెర్లిన్ టోపీ ముఖం మీదికి లాక్కుని
చెట్టుకి ఆనుకుని నిద్రపోయాడు.

నేను ఎండుటాకుల్ని వేళ్ళతో గీకాను,
రెండుసార్లు. ఆగి, ఇంకోసారి.
పలక జేబులో పెట్టేసి
చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను,
అవి మళ్ళీ పలక తియ్యకుండా.
మెడ మీద పిడుదు పాకుతోంది. పాకనిచ్చాను.

మా చెల్లి మావిస్‌కి, పొలం గొడవ తర్వాత,
వారానికి మూడు ఫోన్లు చేసేదాన్ని.
ప్రతిసారీ ఎత్తేది. బాగానే మాట్లాడేది.
రోలా నించి గంటన్నర దారి, ఒక్కసారీ రాలేదు.
ఫోన్లు మానేశాను.
పుట్టినరోజుకో కార్డు. దాన్లో
నా పేరు తప్ప ఏమీ రాయను.
నాలుగేళ్ళయింది. ఇంకా గీకుతున్నాను ఆకుల్ని.

ముందు చెవికి కాదు, రొమ్ముకి తెలిసింది,
దూరంగా ఎవరో ఖాళీ పీపాని గుండెకి ఆనించుకున్నట్టు.
వచ్చాడు. నోరు మెదపకుండా, వెనకనించి,
విసనకర్రలా తోక విప్పుకుని,
ఎరుపు తెలుపు నీలం కలగలిసిన తలతో,
వెర్లిన్ బూటుకి పదడుగుల దూరంలోకి.

సరిగ్గా అప్పుడే వెర్లిన్ గురక పెట్టాడు.

'టక్' మన్నాడు పుంజు, ఒక్క ముక్క.
తర్వాత డాగ్‌వుడ్ పూలు ఊగుతున్నాయి, అంతే.

మర్నాడు అదే చోటు. పొద్దు పదకొండు.
పెట్టలన్నీ గుడ్ల మీదికి వెళ్ళిన వేళ.
నేను గీకాను, సున్నాలు చుట్టాను, ఎవరూ లేరు.
వెర్లిన్ పెట్టెని అదరగొట్టాడు,
తాగినవాళ్ళ పెళ్ళిలో బాజాలా.
లంగా ఎత్తిపట్టుకున్న ముసలమ్మలా
కొండ దిగి పరిగెత్తుకొచ్చాడు పుంజు.
ఒకే తూటా.

ట్రక్కు దాకా వెర్లిన్ ఒక్క మాట అనలేదు.
ఈల వెయ్యకుండా నడవడానికి
ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు.

రాత్రి ఈకలు ఊడ్చి వచ్చేసరికి
వంటింటి బల్ల దగ్గర కూర్చుని
నా పలకని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు,
నేను అడక్కుండానే.
తలెత్తకుండా అన్నాడు:
"మావిస్‌కి ఓసారి గట్టిగా ఫోన్ చెయ్యి.
వేళ మారిందేమో."

పలక మీది బూడిద ఊదాను.
గోడ గడియారం వైపు చూశాను.